మనిషెక్కితే మూడు

“మూడు,” అన్నాడు గంగప్ప. “మూడే నొక్కినాను. మనుషులెక్కినాక మూడు కాకుండా ఇంగేం కొడతారు?”

అర్పిత గడప దగ్గరే నిలబడిపోయింది. బెంగళూరు రోడ్డు మీది నరసాపుర నుంచి కంపెనీ బస్సులో వచ్చి దిగి, గని కార్మికుల ఇళ్ళ లైన్ల మధ్య సందులో పరుగెత్తుకుంటూ వచ్చిన పిల్ల. నీలం రంగు కంపెనీ చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. చేతిలో ఫోను. దాంట్లోకి వచ్చిన మెయిల్లో ఒకటే వాక్యం: మీరు మూడవ ఎంపికను నమోదు చేశారు.

“తాతా, పొద్దున నేనేం చెప్పి పోయినాను?”

“రెండు అని చెప్పినావు.”

“మరి?”

“చెప్పినావులే. చెప్పినారని కొట్టేస్తామా? చూసి కొట్టాల.”

“ఇది షాఫ్టు కాదు తాతా! ఇది సీటు!”

గంగప్ప కుర్చీ చేతిని వేలితో తడుతూ కూర్చున్నాడు. తడితే తడుతున్నాడు, ఆ తట్టడం కూడా మూడు మూడుగానే తడుతున్నాడు, మహానుభావుడు!

బంగారు గని నడిచిన రోజుల్లో ముప్పయ్యేళ్ళు అతను బెల్‌మన్. గనిలోకి బావిలా దిగే షాఫ్టు నోటి దగ్గర నిలబడి, మనుషుల్ని దించే బోను తలుపు మూసి, ఇంజిన్ డ్రైవరుకు గంట కొట్టి చెప్పే పని. ఒకటి కొడితే బోను పైకి, రెండు కొడితే కిందికి. లోపలున్నది రాయి కాదు, మనుషులు, పైలంగా నడుపు అని చెప్పాలంటే అన్నిటికన్నా ముందు మూడు. కొట్టే ముందు బోనులోకి తొంగి చూసి “అందరూ ఎక్కినారా?” అని కేక వేసేవాడు. ఆఖరి మనిషి “ఎక్కినాం” అనేదాకా గంట తాడు ముట్టేవాడు కాదు. గని మూతపడి ఇరవై నాలుగేళ్ళయింది. లైన్లలో ఇప్పటికీ అతను బెల్ గంగప్పే.

అట్లాంటి మనిషికి పొద్దున ఆరు గంటలకు మనవరాలు అతని ఫోనే చేతికిచ్చి, సైటు తెరిచేది చూపించి, నాలుగు అంకెలు అప్పజెప్పి పోయింది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా ముగించి, నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడులో చేరే పరీక్ష రాసిన పిల్ల అర్పిత. మొదటి జాబితాలో హోసకోటె అవతల ఒక కాలేజీలో సీటు వచ్చింది. ఇప్పుడు ఒకటి నొక్కితే ఆ సీటులో చేరిపోయినట్టు. రెండు నొక్కితే అది చేతిలో ఉంచుకొని ఇంకా మంచిదాని కోసం చూస్తున్నట్టు. మూడు నొక్కితే ఆ సీటు వద్దని వదులుకొని రెండో జాబితాకు నిలబడినట్టు. నాలుగంటే అసలుకే దండం పెట్టినట్టు.

రాత్రంతా ఆ సైటు తెరుచుకోలేదు. ఆవేళ సాయంత్రం అయిదింటికి గడువు. కంపెనీలో లోపలికి పోయేముందు ఫోన్లు పెట్టెలో పెట్టి తాళం వేసేస్తారు. తండ్రి బెంగళూరు రైల్లో ఉంటాడు, తల్లి అంగన్‌వాడీలో ఉంటుంది. సైటువాళ్ళు పంపే ఆరంకెల ఓటీపీ వచ్చేది తాత ఫోనుకే. డిప్లొమాలో చేరిననాడు ఎప్పుడూ ఇంట్లో ఉండే నంబరు కావాలంటే ఆయనదే రాసిచ్చారు. అందుకని తాతకు అప్పగించింది. నమ్మి అప్పగించింది.

“మూడు నొక్కితే మూడకుండా ఉంటాదా?” వంటింట్లోంచి సొన్నమ్మ వచ్చింది. గంగప్ప భార్య. మాట ముందు, మనిషి వెనక. “పిల్ల రెండు అంటే రెండు నొక్కేకేం రోగమయ్యా నీకు? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అంట! యాభై ఏళ్ళు నాతో కాపురం చేసి నా ఒక్క మాట వింటివా, దాని మాట వినేకి!”

“నీకేం తెలుసు? రెండంటే కిందికి. నా మనవరాల్ని కిందికి దించమంటావా?”

అర్పిత తాత ముఖంలోకి చూసింది. ఏదో అనబోయి మానుకొని ఫోను చెవికి పెట్టుకుంది. డిప్లొమాలో పాఠాలు చెప్పిన ఉమాదేవి మేడమ్‌కు.

మేడమ్ గొంతు ఇంట్లో అందరికీ వినిపించింది. “ఇంగ మార్చేకి కుదరదమ్మా, అయిదుకే మూసేసినారు. ఆ సీటు పోయినట్టే. వచ్చే శుక్రవారం రెండో లిస్టు. నీ ఆప్షన్ల వరసలో నువ్వు దానికి పైన పెట్టుకున్నవి రెండే కదా, ఆ రెంటిలో ఒకటి రావాల. లేదంటే వచ్చే ఏడే. బేజారు పడొద్దు, చూద్దాం.”

అర్పిత ఏడవలేదు. ఏడ్చి ఉంటే గంగప్పకు ఎంతో హాయిగా ఉండేది. సంచీ గోడకు తగిలించి, కాళ్ళు కడుక్కొని, లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరకు వేసుకుంది.

తల్లి నాగరత్న ఇంతసేపూ పొయ్యి మీద రాగిముద్ద గెలుకుతూనే ఉంది. మామగారి కంచంలో వేడి ముద్ద పెట్టి, ఉలవచారు పోసి, “తినండి మామా, చల్లారిపోతాది,” అంది. తిట్టినా బాగుండేది. ఆ ముద్ద గొంతు దిగడానికి గంగప్పకు అరగంట పట్టింది.

*

మోహన్‌కుమార్ రైలు దిగి వచ్చేసరికి ఎనిమిదయింది. వైట్‌ఫీల్డులో సెక్యూరిటీ సూపర్‌వైజరు. ఇరవై ఏళ్ళుగా తెల్లవారకముందు రైలెక్కి, దీపాలు పెట్టాక దిగే మనిషి. విషయం చెప్పులు విప్పకముందే చెవిన పడింది. సొన్నమ్మ ఉన్న ఇంట్లో వార్త గుమ్మం దాటకుండా ఉంటుందా!

“నాయనా, నాకొక ఫోను కొట్టింటే ఏమయ్యేది?”

“కొట్టినాను. కవరేజీ ఏరియాలో లేరు అనింది ఆయమ్మ.”

“మళ్ళీ కొట్టాల!”

“ఆయమ్మ మళ్ళీ అదే చెప్పింది.”

మోహన్‌కుమార్‌కు నవ్వు వచ్చింది. కోపంగా ఉన్నప్పుడు వచ్చే నవ్వు అవమానంగా ఉంటుంది. అది మింగేసి లోపలి తలుపు వైపు తిరిగాడు. “అర్పితా, రామ్మా బయటికి. పైన పెట్టుకున్నవి రెండంట కదా, ఏమేమి?”

తలుపు తెరుచుకుంది. “రెండోది బెంగళూరు కాలేజీ అప్పా. మెకానికల్. నీ రైల్లోనే వచ్చి పోవచ్చు.”

“మొదటిది?”

“మొదటిది... ఇక్కడిదే. మన ఊరిదే.”

“ఓ, ఊర్లో కూడా పెట్టినావా! మంచిదే. అది వస్తే ఇంగా మేలు.” మోహన్‌కుమార్ మొహం తేటపడింది. అంతకన్నా అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ శుక్రవారం దాకా ఆగేది కాదు.

అర్పిత తాత వైపు చూడకుండా నీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

*

వారం రోజులు. గంగప్ప జీవితంలో ఇంత పొడుగు వారం సమ్మె కాలంలో కూడా చూడలేదు.

మనవరాలు మాట్లాడదు. పుట్టి ఇరవై ఏళ్ళలో ఒక్కనాడు కూడా “తాతా” అనకుండా కాఫీ తాగని పిల్ల. ఇప్పుడు గ్లాసు తీసుకుంటుంది, తాగుతుంది, కడిగి బోర్లిస్తుంది.

గంగప్పకు ఊరుకోవడం చేతకాదు. మరునాటి పొద్దున అర్పిత బయలుదేరేసరికి టిఫిన్ డబ్బా చేత పట్టుకొని వాకిట్లో సిద్ధంగా ఉన్నాడు. బస్సు స్టాపు దాకా పది గజాల వెనక నడిచాడు. బస్సు రాగానే డబ్బా అందించాడు. తీసుకుంది. కిటికీలోంచి చూడలేదు. అతను మాత్రం బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాడు. ఖాళీ రోడ్డుకు చెయ్యి ఊపుతున్న ముసలాయన్ని చూసి పాలవాడు సైకిలు ఆపి “ఏమప్పా, బాగుండావా?” అని అడిగి మరీ పోయాడు.

అక్కడ్నుంచి నేరుగా ఉమేశ్ జిరాక్సు అంగడికి. “లిస్టు వచ్చిందా?”

“శుక్రవారం తాతా.”

“ఒగవేళ ముందే వచ్చిందేమో?”

“శుక్రవారం అంటే శుక్రవారమే తాతా. పండగ ముందే వస్తాదా?”

బుధవారం నాడు ఉమేశ్ అతన్ని దూరం నుంచి చూసి తనే అరిచాడు, “శుక్రవారం!” అని. గంగప్ప తల ఊపి వెనక్కి తిరిగాడు.

అంతకు ముందు, ఆదివారం పొద్దున ఒక సంగతి జరిగింది. సెలవుదినం. కంపెనీ లేదు. అర్పిత ఖాళీ డబ్బా తెచ్చి తాత ముందు పెట్టి, “నిన్న డబ్బాలో ఉప్పు ఎక్కువయిందని అవ్వకు చెప్పు,” అంది.

గంగప్ప లేచిన వేగానికి కుర్చీ పడిపోయింది. “సొన్నా! పాప మాట్లాడింది! ఉప్పు ఎక్కువయిందంట!”

“నా వంటకు వంక పెట్టిందని ఇంత సంబరమా నీకు?” అంది సొన్నమ్మ. తిట్టింది గానీ కొంగుతో నోరు మూసుకుంది, నవ్వు కనిపించకుండా.

ఆ రోజు మధ్యాహ్నం వాకిట్లో దుప్పటి పరిచి రాగులు ఎండబోశారు. గని వదిలేసిపోయిన సైనైడు మట్టి దిబ్బల మీదుగా గాలి వీస్తూ ఉంది. ఆ బూడిదరంగు దుమ్ము రాగుల్లో పడకుండా గంగప్ప మరో దుప్పటి అడ్డం కట్టి కావలి కూర్చున్నాడు. అర్పిత వచ్చి పక్కన చతికిలబడింది.

“తాతా, రెండంటే నీకెందుకంత కోపం?”

“కోపం కాదమ్మా. భయం.”

అర్పిత రాగులు వేళ్ళతో నెరుపుతూ ఉంది. తొందరపెట్టలేదు. అదే మంచిదయింది.

“మీ ముత్తాత, మా నాయన కదిరప్ప,” అన్నాడు గంగప్ప. “కుప్పం కాడ నుంచి నడిచొచ్చి గనిలో చేరిన మనిషి. నేను బెల్ పనిలో చేరి ఏడాది కూడా కాలేదు. ఒకనాడు రెండో షిఫ్టుకు నాయన నా బోనులో ఎక్కినాడు. ‘అందరూ ఎక్కినారా?’ అన్న్యాను. అందరికన్నా గట్టిగా ఆయనే అరిచినాడు. ‘ఎక్కినామప్పా, కొట్టు’ అని. నవ్వినాడు కూడా. కొడుకు గంట కొడితే తండ్రి దిగేదంటే గొప్ప కదా.”

“ఊఁ.”

“మూడు కొట్టినాను. ఆమీద రెండు. దిగిపోయినాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు భూమి ఒకతూరి ఒళ్ళు దులుపుకునింది. ఇండ్లలో గూట్లోని గిన్నెలు కింద పడినాయి. లోపల రాయి పేలింది. ఏర్‌బ్లాస్ట్ అనేవాళ్ళం. మనుషులతో బోను పైకి రావాలంటే కింద నుంచి మూడు కొట్టి, ఆమీద ఒకటి కొట్టాల. ఆ మూడూ ఒకటీ వినబడతాదేమోనని గంట కింద చెవి పెట్టుకోని కూర్చున్న్యాను. తెల్లారిపోయింది. వినబడలేదు.”

అతని గొంతు ఏమీ మారలేదు. యాభై ఏళ్ళుగా లోపల చెప్పుకుంటున్న మాటలు బయటికి వస్తే అలాగే వస్తాయి.

“నువ్వు కాకపోతే ఇంకొకడు కొట్టేవాడు కదా తాతా.”

“కొట్టేవాడు. అయితే కొట్టింది నేను కదా. ఆమీద వేలసార్లు రెండు కొట్టినాను, జీతం కోసరం. జీతం నిలిచిపోయినాక ఇంగ కొట్టలేదు. మొన్న నువ్వు చెప్పిపోతివి. ఫోను ముందర పెట్టుకోని, నీ పేరు చూసి, పక్కన రెండు చూసినాను. నా చెయ్యి పోలేదమ్మా. నేను మర్చిపోయి నొక్కింది కాదు. తెలిసి నొక్కినాను. తప్పే.”

అర్పిత అతని చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతి మీద రెండు చుక్కలు పడ్డాయి. గంగప్పకు గుండె నిండిపోయింది. పిల్ల క్షమించింది, అంతే చాలు, సీటు పోతే పోనీ అనుకున్నాడు.

“తాతా, నేను...” అంది అర్పిత.

“ఏమమ్మా?”

“ఏం లేదు. రాగులు తిరగేస్తాను.”

గంగప్ప తన సంతోషంలో తానుండి, ఆ పిల్ల రెండుసార్లు నోరు తెరిచి రెండుసార్లూ మూసుకోవడం గమనించలేదు. వంటింటి గడపలో నిలబడి చాటతో చెరుగుతున్న సొన్నమ్మ మాత్రం చూసింది.

*

శుక్రవారం అర్పిత కంపెనీకి సెలవు పెట్టింది. మోహన్‌కుమార్ మధ్యాహ్నం రైలుకే వచ్చేశాడు. నాలుగింటికల్లా అయిదుగురూ ముందు గదిలో చేరారు. సొన్నమ్మ బెల్లం గడ్డ పళ్ళెంలో పెట్టి, మళ్ళీ దిష్టి తగులుతుందని మూత పెట్టింది.

నాలుగూ ఇరవైకి గంగప్ప జేబులో ఫోను మోగింది. ఓటీపీ. అంకెలు ఒక్కొక్కటిగా, షాఫ్టు దగ్గర తలలు లెక్క పెట్టినట్టు చదివాడు. అర్పిత నొక్కింది. సైటు తిరిగింది, తిరిగింది, నాగరత్న మంగళసూత్రం కళ్ళకద్దుకుంది.

అర్పిత ఫోను గుండెకు ఆనించుకుంది.

“వచ్చిందా?”

“వచ్చింది.”

“ఏది?”

“మొదటిది. మన ఊర్లోదే.”

“అద్గదీ!” గంగప్ప ఎగిరినంత పని చేశాడు. “చూసినారా? మూడు నొక్కినోడ్ని తిడితిరే! హాస్టలు లేదు, రైలు లేదు, ఇంటి ముద్ద తిని కాలేజీకి పోయి రావచ్చు. ఇంగ ఎవురైనా నోరెత్తండి చూస్తాను!”

ఎవరూ నోరెత్తలేదు. మోహన్‌కుమార్ కూతురి తల నిమిరాడు. నాగరత్న వారం రోజుల తర్వాత గట్టిగా నవ్వింది. సొన్నమ్మ బెల్లం విరిచి అందరి నోళ్ళలో పెట్టి, మొగుడి నోట్లో మాత్రం పెద్ద ముక్క పెట్టింది. కనీసం నములుతున్నంతసేపైనా ఊరుకుంటాడని.

అప్పుడు ఉమాదేవి మేడమ్ ఫోను వచ్చింది. చేతులకు బెల్లం అంటుకొని ఉంటే అర్పిత వేలి కణుపుతో నొక్కింది. స్పీకరు దానంతటదే మోగింది.

“అర్పితా! చూసినానమ్మా! మైనింగ్! నీ మొదటి ఆప్షనే! మన జిల్లాలో ఈ తూరి మైనింగులో చేరే ఆడపిల్ల నువ్వొక్కదానివేనేమో. తాతయ్య ఉండారా? ఆయనకు ఎంత గర్వమో! రేపు సాయంత్రం లోగా ఒకటి నొక్కేసెయ్యి, మర్చిపోవద్దు.”

మేడమ్ పెట్టేసింది. గంగప్ప నోట్లో బెల్లం ముక్క అలాగే ఉండిపోయింది.

“మైనింగ్ అంటే?” అంది నాగరత్న మెల్లగా. అంగన్‌వాడీ పిల్లలకు అన్నం పెట్టే మనిషికి అర్థం కాక కాదు. తప్పు విన్నానేమో అని.

“గని పని,” అన్నాడు మోహన్‌కుమార్ భార్యతో. కూతురి వైపు తిరిగాడు. “ఎవర్ని అడిగి పెట్టినావే?”

“ఎవర్నీ అడగలేదు.”

“ఎందుకు అడగలేదు?”

“అడిగితే వద్దంటారు కాబట్టి.”

“తెలిసే చేసినావన్నమాట! ఏ ఊరి గనిలోకీ ఈ ఇంట్లోంచి ఇంగెవరూ దిగకూడదని మీ తాత నన్ను రైలెక్కించినాడు. ఇరవై ఏళ్ళుగా బోగీలో నిలబడి పోతా ఉండానే, ఎందుకనుకుంటివి? నువ్వు మళ్ళీ దిగేదానికా?”

“అప్పా, ఇక్కడ గని లేదు. దిగేది ఇక్కడ కాదు. వేరే ఊర్లలో ఉండాయి. ఇప్పుడు ఆడోళ్ళకు కూడా లోపల పని ఇస్తారు.”

“ఇస్తే? ఇచ్చేవన్నీ తీసుకుంటామా?”

అర్పిత వచ్చి తాత కుర్చీ ముందు కూర్చుంది.

“తాతా, ఆదివారమే చెప్పాలనుకున్న్యాను. నువ్వు ముత్తాత సంగతి చెప్పినాక నా నోరు రాలేదు. డిప్లొమాలో మాకొక ప్రాజెక్టు ఇచ్చినారు. రాయి లోపల పగిలే ముందు శబ్దం చేస్తాది. మన చెవికి వినబడదు. దాన్ని వినే మిషన్లు ఉండాయి. అవి విని, రేపు ఈ వైపు దించొద్దు అని చెప్పేవాళ్ళు ఉండారు. నేను ఆ పని నేర్చుకోవాలనుకున్న్యాను. ఆ రోజు అట్ల చెప్పేవాళ్ళు ఎవరైనా ఉండింటే నువ్వు రెండు కొట్టింటావా?”

గంగప్ప బెల్లం మింగాడు. తియ్యదనం తెలియలేదు.

కోపం రావాలని చూశాడు. రాలేదు. భయం మాత్రం బాగానే వచ్చింది. ఆ భయం పక్కనే ఇంకోటి కూడా ఉంది. ఇన్నేళ్ళలో “పాపం, నీ తప్పు కాదు” అన్నవాళ్ళు చాలామంది. ఆ గంట మోగకుండా ఎట్లా ఆపాలా అని ఆలోచించిన మనిషిని మాత్రం ఇప్పుడే చూస్తున్నాడు. అదీ తన ఇంట్లో, కంపెనీ చొక్కా వేసుకొని తిరిగే తన మనవరాలు!

“ఇప్పుడెంత నొక్కాల?” అన్నాడు.

“నాయనా!” అన్నాడు మోహన్‌కుమార్.

“ఉండరా. ఎంతమ్మా?”

“చేరాలంటే ఒకటి తాతా.”

“ఒకటి.” గంగప్ప ఆ మాటను నోట్లో తిప్పుకున్నాడు. “ఒకటంటే పైకి.”

తనలో తనే నవ్వుకున్నాడు. “మోహనా, పోయిన వారం నేను మూడు కొట్టేసి ఉండాను కదరా. మీరందరూ తిట్టినారు. ఇంగ మిగిలింది ఒకటే. మూడు, ఆమీద ఒకటి. మనుషులు ఉండారు, పైకి లాగు అని. ఆ పొద్దు నేను ఎదురు చూసింది ఇదేరా.”

మోహన్‌కుమార్ గోడకు ఆనుకున్నాడు. చాలాసేపు కళ్ళు తుడుచుకోలేదు, తర్వాత భుజంతో తుడుచుకున్నాడు.

అర్పిత ఫోను తాత చేతిలో పెట్టింది. “నువ్వే నొక్కు తాతా. నువ్వు నొక్కకపోతే నేను నొక్కను.”

గంగప్ప ఫోను తొడ మీద నిలబెట్టాడు. వీపు నిటారు చేశాడు. ఇరవై నాలుగేళ్ళుగా వాడని గొంతు లోపల్నుంచి వెతికి తీసి కేక వేశాడు. పక్క లైను వాళ్ళకు కూడా వినిపించి ఉంటుంది.

“అందరూ ఎక్కినారా?”

అర్పిత “ఎక్కినాను” అంది వెంటనే.

నాగరత్న మొగుడి ముఖం చూసింది, కూతురి ముఖం చూసింది. కోడలుగా వచ్చిన తర్వాత ఈ ఇంట్లో మొట్టమొదటిసారి మొగుడికన్నా ముందు మాట్లాడింది. “నేనూ ఎక్కినాను మామా.”

మోహన్‌కుమార్ గోడ వదిలి ముందుకు వచ్చాడు. “ఎక్కకుండా యాడికి పోతాను నాయనా? ఎక్కినాను.”

గంగప్ప వేలు ఒకటి మీదికి పోయింది. అక్కడే ఆగింది. అతను తలలు లెక్క పెట్టుకునే మనిషి. లెక్కలో ఒకటి తక్కువయింది.

సొన్నమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది. ఆ రోజు కదిరప్ప దిగినప్పుడు ఆమె ఈ ఇంట్లో పదిహేడేళ్ళ కొత్త కోడలు. గూట్లోని గిన్నెలు కింద పడితే ఏరింది ఆమే.

“సొన్నా,” అన్నాడు గంగప్ప. “ఎక్కినావా?”

“ఎక్కుతాను,” అంది సొన్నమ్మ. గొంతులో రోజూ ఉండే దెబ్బలాట లేదు. “నా మనవరాలు ఎక్కితే నేను ఎక్కకుండా ఉంటానా? ముందు నాకొక మాట చెప్పు. ఈ పిల్ల దిగిన పొద్దు, మళ్ళీ పైకి వచ్చేదాకా, ఆ గంట కాడ చెవి పెట్టుకోని కూర్చునేదెవురు? నీకు డెబ్బై నాలుగు.”

గంగప్ప వేలు గాలిలోనే ఉంది. ఇంట్లో అందరూ అతని వైపే చూస్తున్నారు, అతను మాత్రం సొన్నమ్మ వైపు చూస్తున్నాడు. బోను బయట ఒక మనిషి నిలబడి ఉండగా గంట కొట్టిన పాపాన అతను ఎన్నడూ పోలేదు.